గురులఘువుల కోసం పైథాన్ నేర్చుకున్నాను

నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా పిల్లల్లో కొందరు ఉత్సాహంగా ఉత్పలమాలలు రాసి తెస్తారు. పాదానికి ఇరవై అక్షరాలు, గురులఘువుల వరుసలైన గణాలన్నీ సరిచూసేసరికి రాత్రి పొద్దుపోతుంది. ఈ పని కంప్యూటర్‌తో చేయించాలన్న కోరికతోనే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టాను.

వేరియబుల్, ఇఫ్, ఫర్ లూప్, ఫంక్షన్ లాంటివి త్వరగానే పట్టుబడ్డాయి. పైథాన్ సైట్లో ఉచితంగా దొరికే ట్యుటోరియల్ చదువుతూ, ప్రతి లైనూ పైథాన్‌తో పాటే వచ్చే ఐడిల్ అనే ఎడిటర్‌లో కొట్టి చూసేదాన్ని. నాకు బాగా నచ్చింది డిక్షనరీ, అంటే ఒకదానికి ఇంకొకటి జతగా దాచుకునే పట్టిక. గ అంటే గురువు, ల అంటే లఘువు అనుకుంటే, ‘గలల’ అంటే భగణం, ‘గలగ’ అంటే రగణం, ఇలా ఎనిమిది గణాలూ ఒక్క పట్టికలో ఇమిడిపోయాయి. దానికి పేరు కూడా తెలుగులోనే ‘గణాలు’ అని పెట్టాను. పైథాన్ 3 నిక్షేపంగా ఒప్పుకుంటుంది.

అసలు చదువు అక్షరాల దగ్గర మొదలైంది. ‘లక్ష్మి’ పొడవెంతని, పొడవు లెక్కపెట్టే లెన్ ఫంక్షన్‌ని అడిగితే ఏడు అంది. మనకేమో రెండే అక్షరాలు. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి స్ట్రింగులన్నీ (అంటే అక్షరాల వరుసలు) యూనికోడే, అంటే అన్ని భాషల అక్షరాలకూ గుర్తులకూ కోడులిచ్చే పద్ధతే. అందులో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, అన్నీ విడివిడి కోడులే. కాబట్టి ఛందస్సులో అక్షరమంటే ఏమిటో నేనే చెప్పుకోవాలి.

అందుకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, అంటే రాతలో కావలసిన వరుసను వెతికిపట్టే నమూనాలు, నేర్చుకున్నాను. పదాలు పట్టడానికి అందరూ వాడే ‘\w’ మనకు పనికిరాదు. గుణింతం గుర్తుల్ని అది అక్షరాల్లో కలపదు, ‘తెలుగు’ను త, ల, గ అని ముక్కలు చేస్తుంది. దాన్ని వదిలేసి నా సూత్రం నేను రాసుకున్నాను: విడి అచ్చు, లేదా క నుంచి హ వరకు ఒక హల్లు, దానికి ఎన్ని వత్తులైనా, ఆపైన ఉంటే గుణింతం, ఉంటే సున్నా లేదా విసర్గ. ‘రాజున్’లో చివరి పొల్లు ముందున్న ‘జు’తో కలిసి గురువవుతుంది. పొల్లు తర్వాత హల్లు లేదని తెలియాలంటే ముందుకు తొంగిచూడాలి. లుక్‌అహెడ్ అనేది సరిగ్గా ఇందుకే ఉంది. అది పనిచేసిన సాయంత్రం నాకు పట్టరాని సంతోషం!

ఇంకో చిక్కు ఐత్వంతో. కొన్ని ఫైళ్ళలో అది ఒకే కోడు, కొన్నింట్లో ఎత్వం ఒకటి, కింది గుర్తు ఒకటి. యూనికోడ్‌డేటా మాడ్యూల్లోని నార్మలైజ్ రెంటినీ ఒక రూపానికి తెస్తుంది.

ఫంక్షన్‌కు అదనపు పని తగిలించే డెకరేటర్లు చదివాను గానీ ఈ పనికి అవసరం పడలేదు. ఒక్కొక్కటిగా అందించే జనరేటర్లు మాత్రం పెద్ద ఫైలును పాదం తర్వాత పాదంగా చదవడానికి చక్కగా ఉపయోగపడ్డాయి. ప్రోగ్రాంను పరీక్షించే పైటెస్ట్ అందరూ ముందే నేర్చుకోవాలంటాను. ‘అమ్మ’ గల, ‘లక్ష్మి’ గల, ‘రాజున్’ గగ, ఇలా తెలిసిన పదాలు రాసిపెట్టుకుంటే, సూత్రం మార్చిన ప్రతిసారీ ఏది చెడిందో వెంటనే కనబడుతుంది.

సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువు. కానీ ఆ రెండూ వేర్వేరు తెలుగు పదాల్లో ఉంటే మామూలుగా కాదు, సమాసమైతే అవుతుంది. అది సమాసమో కాదో ప్రోగ్రాంకు తెలియదు. అందుకని అలాంటి చోట రెండు రకాలుగానూ లెక్కకట్టి, ఉత్పలమాల గణాల వరుసైన భరనభభరవకు సరిపోయేదాన్ని ముందు చూపించేలా రాశాను. రెండోది కూడా కిందే ఉంటుంది. ఏది సరైనదో పద్యం రాసిన పిల్లవాడినే అడుగుతాను.

ఇప్పుడు యతి మీద పడ్డాను. పాదంలో మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ హల్లూ కుదరాలి, అచ్చూ కుదరాలి. మైత్రి ఉన్నవాటిని సెట్లుగా కట్టాను: అ, ఆ, ఐ, ఔ ఒక సెట్టు, క, ఖ, గ, ఘ ఇంకొకటి. సంధి జరిగిన చోట లోపలున్న అచ్చును బయటికి తీయడం ఇంకా మిగిలే ఉంది. దానికోసం పైథాన్‌లో క్లాసులు, అంటే సమాచారాన్నీ దానిమీద పనిచేసే ఫంక్షన్లనూ ఒకచోట కట్టే పద్ధతి, నేర్చుకుంటున్నాను.