నాన్న గుండె మళ్లీ కొట్టుకున్నాక

2018 ఎండాకాలంలో, విజయవాడలో, నాన్న భోజనం చేసి లేస్తూ కుప్పకూలారు, గుండె ఆగిపోయింది. 108 వచ్చేదాకా పక్కింటి అబ్బాయి ఆపకుండా ఛాతీ నొక్కుతూ సీపీఆర్ చేశాడు. షాక్ ఇచ్చాక గుండె కొట్టుకుంది కానీ స్పృహ రాలేదు. "ఇప్పుడు మెదడును కాపాడుకోవాలమ్మా, ఒళ్లు చల్లబరుస్తాం" అని డాక్టర్ గారు నా సంతకం తీసుకున్నారు.

రక్తం అందక మెదడు దెబ్బతింటుందని తెలుసు. రక్తం తిరిగి అందాక కూడా ఆ నష్టం సాగుతూనే ఉంటుందనీ, జ్వరం వస్తే ఇంకా ప్రమాదమనీ ఆయన చెబితేనే తెలిసింది. 2002లో యూరప్, ఆస్ట్రేలియాల్లో చేసిన అధ్యయనాల్లో ఇలా చల్లబరిచినవాళ్లు మెరుగ్గా కోలుకున్నారట.

ఐస్ పెట్టారనగానే పెద్దనాన్న తల పట్టుకున్నారు. మనవైపు ఐస్ బాక్స్ తెప్పించేది ప్రాణం పోయాకే కదా! అమ్మను ఆ మాటలకు దూరంగా కూర్చోబెట్టాను.

లోపల నాన్న చంకల్లో, గజ్జల్లో ఐస్ ప్యాకులు, ఒంటి కింద చల్లని నీళ్లు తిరిగే పరుపు. 33 డిగ్రీల సెల్సియస్ దగ్గర 24 గంటలు ఉంచుతామన్నారు. సిస్టర్ మాటిమాటికీ దవడ మీద, మెడ మీద చెయ్యి ఆనించి చూసేది. పైకి కనిపించని వణుకు అక్కడ చేతికి తెలుస్తుందట. వణికితే ఒళ్లు మళ్లీ వేడెక్కుతుంది, అందుకే మత్తు మందులు. చేతులకూ పాదాలకూ మాత్రం వెచ్చని గుడ్డలు చుట్టింది. ఇదేంటని అడిగితే, "అవి వెచ్చగా ఉంటే వణుకు తగ్గుతుంది మేడమ్" అంది.

తిరిగి వేడెక్కించడం గంటకు పావు డిగ్రీ చొప్పున. చల్లదనంలో తగ్గిన పొటాషియం అప్పుడు పెరుగుతుందని పదేపదే రక్తం తీశారు.

నాకు అసలు టెన్షన్ ఆ తర్వాతే. ఒళ్లు వెచ్చబడింది, నాన్న కళ్లు తెరవలేదు. బిల్లు పెరుగుతోంది, "ఇంటికి తీసుకెళ్లిపోదాం" అని బంధువుల ఒత్తిడి. చల్లబడిన ఒంట్లోంచి మత్తు మందులు నెమ్మదిగా పోతాయనీ, మామూలు వేడికి వచ్చాక కనీసం 72 గంటలు ఆగకుండా ఏమీ తేల్చకూడదనీ డాక్టర్ గారు చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఎవరేమన్నా కదల్లేదు. ఆ గడువు దాటాకే, పిలిస్తే నాన్న తల తిప్పారు. ఇప్పటికీ కొత్త పేర్లు గుర్తుండవు, బజారు లెక్కలు మాత్రం ఆయనే చూస్తారు.

చల్లబరచడం వల్లే బతికారని నేను అనను. 2021లో దాదాపు 1900 మందితో చేసిన అధ్యయనంలో 33 డిగ్రీలకు దించినా, జ్వరం రాకుండా చూసుకున్నా ఫలితం ఒకేలా వచ్చింది. అందుకే మీ ఆస్పత్రిలో ఐస్ పెట్టలేదని కంగారు పడకండి. జ్వరం రాకుండా ఏం చేస్తున్నారు, మెదడు సంగతి ఏ పరీక్షలతో, ఎప్పుడు తేలుస్తారు అని అడగండి.