ఒకే ఇంట్లో ఎస్, నో

కోట, రాయల్ మైల్ అనే పాత వీధి చూద్దామని 2014 సెప్టెంబరులో స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోలోని మా బావమరిది ఇంటికి వెళ్తే, ఊరంతా వేరే హడావుడిలో ఉంది. ఒక కిటికీలో 'ఎస్', పక్క కిటికీలో 'నో థ్యాంక్స్'. 1707 నుంచి ఇంగ్లండ్‌తో కలిసి ఉన్న స్కాట్లండ్ వేరే దేశం కావాలా వద్దా అని 18న ఓటింగ్. మైకుల గోల లేదు, ఫ్లెక్సీలు లేవు. అయినా బస్సులో, పబ్బులో, సూపర్‌మార్కెట్ క్యూలో అందరి నోటా అదే మాట.

నాకు వింతగా అనిపించింది ఓటర్ల జాబితా. మా బావమరిదికీ అతని భార్యకీ ఉన్నది ఇండియన్ పాస్‌పోర్టే. అయినా ఇద్దరికీ ఓటుంది. కామన్వెల్త్ దేశాలవాళ్లు వీసా మీద అక్కడ నివాసం ఉంటే చాలట. "పక్కింటి పెద్దావిడ కొడుకు ఇక్కడే పుట్టి పెరిగాడు బావా. లండన్‌లో ఉంటున్నాడని అతనికి లేదు, నాకుంది" అన్నాడు. పదహారేళ్లు నిండిన పిల్లలకూ ఇచ్చారు. పెద్దావిడకి ఈ పద్ధతి అస్సలు నచ్చలేదు. నాకు మాత్రం సబబే అనిపించింది. రేపు పన్ను కట్టేది, ఆసుపత్రిలో వరసలో కూర్చునేది అక్కడ ఉండేవాళ్లే కదా.

ఇంట్లోనే రెండు పార్టీలు. బావమరిది 'నో'. విడిపోతే పౌండు పంచుకోవడం కుదరదని బ్రిటన్ ఆర్థికమంత్రి ఆస్బోర్న్ ఫిబ్రవరిలోనే తేల్చేశాడు. "ఇంటి లోను పౌండ్లలో ఉంది, జీతం దేన్లో వస్తుందో ఎవరు చెప్తారు?" అని ఇతని టెన్షన్. నాకు చెల్లెలి వరసయ్యే అతని భార్య గట్టి 'ఎస్'. "2010లో ఇక్కడి 59 ఎంపీ సీట్లలో కన్జర్వేటివ్ పార్టీకి వచ్చింది ఒక్కటే అన్నయ్యా. అయినా ప్రధాని ఆ పార్టీ మనిషే. ఇక మా ఓటుకి విలువేముంది?" నిజామాబాద్ పిల్ల స్కాట్లండ్ తరఫున ఇంత కోపంగా మాట్లాడుతుందని నేననుకోలేదు.

జూన్ 2న తెలంగాణ వచ్చింది కాబట్టి ఆ పోలిక రాకుండా ఎలా ఉంటుంది! కానీ మనది ఒకే దేశంలో ఇంకో రాష్ట్రం. రూపాయి, సైన్యం, పాస్‌పోర్టు ఏవీ మారలేదు. జనాన్ని ఓటూ అడగలేదు, పార్లమెంటు చట్టం చేసింది. స్కాట్లండ్‌లో అయితే ఫాస్లేన్ నౌకాస్థావరంలోని బ్రిటన్ అణు జలాంతర్గాములు ఎక్కడికి పోవాలన్నది కూడా తేలాల్సిందే.

ఒకరోజు రైల్లో గ్లాస్గో వెళ్లాం. గంట లోపు ప్రయాణమే, కానీ గాలే వేరు. జార్జ్ స్క్వేర్ నిండా నీలం మీద తెల్ల ఇంటూ గుర్తున్న స్కాట్లండ్ జెండాలు, పాటలు, పిల్లల్ని భుజాలకెత్తుకున్న నాన్నలు. ఆ గుంపులో నిలబడితే 'ఎస్' గెలిచేసిందనే అనుకుంటాం. ఎడిన్‌బరో 'నో' ఇంట్లో కూర్చుని టీ తాగుతోందన్న సంగతి గుర్తుకు రాదు.

ఓటింగ్ రోజు ఇద్దరూ ఒకే కేంద్రానికి వెళ్లి, పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టి, ఒకరి ఓటు ఒకరు కొట్టేసుకుని వచ్చారు. వేలికి సిరా కూడా లేదు. రాత్రి టీవీ ముందు కూర్చున్నాం. మొదట క్లాక్‌మానన్‌షైర్ అనే చిన్న ప్రాంతం ఫలితం, 'నో'. చెల్లెమ్మ లేచి వెళ్లి పడుకుంది. తెల్లారేసరికి 'నో' 55.3 శాతం, 'ఎస్' 44.7. ఓటేసినవాళ్లు 84.6 శాతం! గ్లాస్గో మాత్రం 'ఎస్' అనే అంది.

నాకు ఓటుంటే ఆ రోజు 'నో' వేసేవాణ్ణి. పైసల లెక్క తేలకుండా దేశం పెట్టుకోవడం నాకు నచ్చదు. అయితే విడిపోతే యూరోపియన్ యూనియన్ పోతుందని భయపెట్టారు చూడండి, 2016 బ్రెగ్జిట్ ఓటింగ్‌లో స్కాట్లండ్‌లో 62 శాతం మంది అందులోనే ఉంటామన్నా బ్రిటన్ మొత్తం బయటికొచ్చేసింది. మళ్లీ ఓటు పెట్టాలంటే లండన్ ఒప్పుకోవాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

మొన్న ఫోన్లో బావమరిదిని అడిగాను. "పౌండు సంగతి తేలలేదు. ఇప్పుడు విడిపోయి యూరప్‌లో చేరితే ఇంగ్లండ్‌కి సరుకు పంపడానికి కస్టమ్స్ గేటు కూడా వస్తుంది బావా" అన్నాడు. వెనక నుంచి చెల్లెమ్మ, "నాది మాత్రం ఎస్సే అన్నయ్యా!" అని అరిచింది.