నాలుగో తీగే శృతి: నా యుకులేలే సాధన ఇప్పటిదాకా

సెకండ్ ఇంజనీరుగా నేను ఎక్కాల్సిన ఓడ ఇంకా మరమ్మతుల కోసం డ్రైడాక్‌లోనే ఉంది. జాయినింగ్ వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. అనుకోకుండా దొరికిన ఈ ఖాళీలో యుకులేలే మొదలుపెట్టాను. గిటార్ అయితే కేబిన్‌లో పెట్టడానికి చోటుండదు, ఇది బంకు (పడక) పక్కన పట్టేస్తుంది. పైగా దీని కథ కూడా ఓడ ప్రయాణంతోనే మొదలైంది. 1879లో రావెన్స్‌క్రాగ్ అనే ఓడలో మదీరా దీవి నుంచి హోనొలులుకు చెరకు తోటల పనికి వెళ్లిన పోర్చుగీసు వాళ్లు తమ చిన్న నాలుగు తీగల వాయిద్యాన్ని వెంట తీసుకెళ్లారు. అదే అక్కడ యుకులేలే అయింది.

విశాఖ ద్వారకానగర్‌లో ఒక షాపులో సొప్రానో (21 అంగుళాలు), కాన్సర్ట్ (23), టెనర్ (26) మూడు సైజులూ పట్టుకుని చూశాను. స్పానర్లు తిప్పిన వేళ్లకు సొప్రానో ఫ్రెట్లు (మెడ మీది అడ్డగీతల మధ్య గళ్లు) ఇరుకు. కాన్సర్ట్ తీసుకున్నాను, నాలుగున్నర వేలు. సాలిడ్ వుడ్ కాదు, లామినేటే కావాలన్నాను. మేముండేది లాసన్స్ బే కాలనీలో, సముద్రపు గాలికి కిటికీ గ్రిల్స్ కూడా ఆగవు. సాలిడ్ చెక్క ఇక్కడి తేమకి ఉబ్బుతుంది, రేపు ఓడలో ఏసీకి ఎండి చీలినా చీలుతుంది. పొరలు అతికించిన లామినేట్ ఈ రెంటినీ తట్టుకుంటుంది. తీగలు నైలాన్ కాబట్టి తుప్పు గొడవ లేదు కానీ, బిగించే కీల పళ్లచక్రాలు లోహమే. వాయించాక పొడి బట్టతో తుడుస్తాను, అప్పుడప్పుడు ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తాను.

కొత్త నైలాన్ తీగలు సాగుతూనే ఉంటాయి. మొదట్లో శృతి చేసిన కాసేపటికే దిగిపోయేది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను మెల్లగా పైకి లాగి వదిలి, మళ్లీ శృతి చేస్తూ పోతే తొందరగా కుదురుకుంది. క్లిప్ ట్యూనర్ మాత్రం కొనుక్కోండి. వీధిలో ఆటోల హోరుకి ఫోన్ యాప్ తడబడుతుంది. క్లిప్ చెక్క కంపనాన్నే పట్టుకుంటుంది.

కార్డ్స్ (కలిపి మీటే స్వరాల గుంపులు) సంగతి త్వరగా చెప్పేస్తాను. సి, ఎ మైనర్, ఎఫ్ తేలిక. ఎ మైనర్ నుంచి ఎఫ్‌కి పోవాలంటే మధ్యవేలు కదపక్కర్లేదు, చూపుడువేలు ఒక్కటి చేర్చితే చాలు. జి దగ్గర మూడు వేళ్లూ ఒకేసారి దిగాలి, అది ఇంకా సాధనలోనే ఉంది.

నాకు అసలు ఆనందం మా పిన్ని వల్ల దొరికింది. పక్క వీధిలోనే ఉంటుంది, విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంది. యుకులేలే తీగలు జి, సి, ఇ, ఎ. సి ని షడ్జమం (స) అనుకుంటే నాలుగూ ప, స, గ, ద. అంటే ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటినా వినిపించేవన్నీ మోహన రాగ స్వరాలే! ఆ సంబరంలో మోహన ఆరోహణ వాయించి వినిపించాను.

"ఏరా, ఏ శృతిలో వాయిస్తున్నావ్?"

"ఒకటి, పిన్నీ."

"నేను ఐదులో కదరా పాడేది. ఐదుకి రాదా అది?"

ఒకటి అంటే షడ్జమం సి, ఐదు అంటే జి. గిటార్‌లో పై తీగ అన్నిటికన్నా మంద్రం. ఇక్కడ పై తీగ జి దాని కిందున్న సి, ఇ రెంటికన్నా హెచ్చు. షడ్జమాన్ని జి కి మార్చగానే ఆ పై తీగే (కింది నుంచి లెక్కపెడితే నాలుగోది) నేరుగా శృతి తీగ, అంటే తంబూరాలా షడ్జమం పట్టి ఉంచే తీగ అయిపోయింది. బొటనవేలితో దాన్ని మీటుతూ, మిగతా వేళ్లతో స్వరాలు పలికించవచ్చు. షడ్జమం ఇ తీగ మూడో ఫ్రెట్. రిషభం ఎ తీగ ఖాళీగా, గాంధారం దాని రెండో ఫ్రెట్, పంచమం ఐదు, ధైవతం ఏడు, పై షడ్జమం పది. సి తీగ రెండో ఫ్రెట్‌లో మంద్ర పంచమం, ఖాళీ ఇ తీగలో మంద్ర ధైవతం కూడా దొరుకుతాయి. ఒకటి శృతిలో షడ్జమం కిందికి దిగే దారే లేదు. పిన్ని గొంతుకి ఇది ఒక స్థాయి పైన మోగుతుంది, అయినా చక్కగా కలిసిపోతుంది.

నాదం ఎక్కువసేపు నిలవదు, దీర్ఘం కావాలంటే మళ్లీ మీటాలి. కంపితం (స్వరాన్ని ఊపడం) దాదాపు కుదరదు, జారు (ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం) మాత్రం బాగా వస్తుంది. "గాంధారాన్ని అలా పొడవకు, పంచమం నుంచి దిగు" అంది పిన్ని. ఐదో ఫ్రెట్‌లో మీటి, వేలు ఎత్తకుండా, నొక్కు వదలకుండా రెండుకి లాగాలి. నొక్కు కాస్త సడలినా మధ్యలోనే శబ్దం చచ్చిపోతుంది. రోజూ పొద్దున్న ఇదొక్కటే చాలాసేపు చేస్తున్నాను.

తర్వాత హంసధ్వని రాగం. ధైవతం బదులు నిషాదం, అంటే ఎ తీగ తొమ్మిదో ఫ్రెట్. ఐదు మీద చూపుడువేలు ఉంచి చిటికెనవేలు తొమ్మిదికి చాపాలి. ఇంకా పూర్తిగా అందడం లేదు.