మిలిట్రీల చేసిన నాయినకు పెద్దల బియ్యం ఎప్పుడియ్యాలె?

ప్రతిపత్ప్రభృతిష్వేకాం వర్జయిత్వా చతుర్దశీమ్ |
శస్త్రేణ తు హతా యే వై తేభ్యస్తత్ర ప్రదీయతే ||

యాజ్ఞవల్క్య స్మృతిలో శ్రాద్ధ ప్రకరణంలోని శ్లోకమిది. పాడ్యమి మొదలు ఏ తిథినైనా పితృకార్యం చేయవచ్చు, చతుర్దశి ఒక్కటి విడిచిపెట్టాలి; అది ఆయుధంతో పోయినవారికి.

పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యమిచ్చే పితృపక్షంలో, అంటే భాద్రపద బహుళంలో, వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో అయ్యగార్లకు ఎదురయ్యే ప్రశ్న ఇది: "నాయిన మిలిట్రీల చేసిండు, లడాయిల ఉన్నడు, చతుర్దశి నాడే ఇయ్యాలె కద?" కాదు. శ్లోకం చూసేది కొలువును కాదు, ప్రాణం పోయిన తీరును. 1971లో సరిహద్దున నిలిచి, పింఛను మీద ఊరికొచ్చి, ఎవుసం చేసి, బిడ్డల పెండ్లిళ్లు చేసి, ముసలితనంలో ఇంట్లో కన్నుమూసిన మనిషికి చతుర్దశి పెడితే, ఆయన యుద్ధం నుంచి తిరిగి రానట్టు లెక్క. ఇంటికొచ్చి బతికిన ఏండ్లన్నీ ఆ ఒక్క తప్పుతో పక్కకుపోతాయి. యుద్ధంలోనే అమరుడైతే మాత్రం చతుర్దశే, అదీ ఆయన ఒక్కడికే ఏకోద్దిష్టంగా.

మరి ఈయన తిథి ఏది? పోయిన తారీఖు ఒక్కటే చెబితే చాలదు, గంట కూడా కావాలి. పంచాంగంలో ఆ రోజు ఎదురుగా ఉన్నది సూర్యోదయ తిథి. మధ్యాహ్నానికి మారిపోయి ఉండవచ్చు. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. పితృపక్షంలో అదే తిథి అపరాహ్ణంలో ఉన్న రోజు చూసుకోవాలి. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం, సుమారుగా 1.10 నుంచి 3.35 వరకు. తిథి తెలియకపోయినా, తప్పిపోయినా పక్షం చివరి అమావాస్య, పెత్రమాస, ఉండనే ఉంది.

తర్పణానికి దక్షిణ ముఖం, దర్భ, నల్లనువ్వులు. జంధ్యం లేనివారు కండువా కుడి భుజం మీదికి మార్చుకుంటారు. నీళ్లు బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి జారాలి. వేళ్ల కొసల నుంచి పోతే అది దేవతర్పణం. తండ్రి వసురూపం, తాత రుద్రరూపం, ముత్తాత ఆదిత్యరూపం, ఒక్కొక్కరికి మూడుసార్లు. పేరు చెప్పేటప్పుడు ఆర్మీ కాగితాల్లో ఎక్కింది కాదు, ఇంట్లో పెట్టిన పేరు గోత్రంతో చెప్పాలి.

బియ్యం, కందిపప్పు, చింతపండు, ఉప్పు, మిరపకాయలు, బెల్లం, నెయ్యి, గుమ్మడి, చామగడ్డ, తోటకూర: ఒక మనిషి కడుపునిండా తినేంత ఇస్తే చాలు. ఇక రమ్ము సీసా సంగతి. యాటకూర, కల్లు పెట్టే ఆచారమున్న ఇంట్లో అదీ పెడతారు, తప్పేం లేదు. అయ్యగారికి బియ్యమిచ్చే ఇంట్లో మాత్రం ఫౌజీ ముచ్చటని కొత్తగా కలపొద్దు.

ఫొటో విధిలో లేదు. పెట్టుకుంటే యూనిఫాంది ఒక్కటే కాక, ధోవతిలో ఉన్నదీ పెట్టండి. మనుమలు ఎరిగింది ఆ ముఖాన్నే. కుంకుమ అద్దం మీదనే. మెడళ్లను చింతపండుతో తోమొద్దు, రిబ్బను తడపొద్దు, పొడిబట్టతో తుడిస్తే చాలు. 1971 యుద్ధంలో తూర్పున పోరాడినవారికి పూర్వీ స్టార్, పడమటన పోరాడినవారికి పశ్చిమీ స్టార్. అంచున చెక్కిన నంబరు, పేరు డిశ్చార్జి బుక్కుతో సరిచూసి పిల్లలతో చదివించండి. అపరాహ్ణం దాకా ఎట్లాగూ ఆగాలి కదా.

కాళేశ్వరంలో గోదావరి ఒడ్డున పిండప్రదానం చేయాలనుకుంటే పెత్రమాసకు ముందే వెళ్లిరావడం మేలు. ఆ రోజు రద్దీ ఎక్కువ, పైగా సాయంత్రానికి ఇంటి ఆడబిడ్డలు ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తాలి.