కర్నూలు ఎండను నమ్ముకుని సర్దిన సంచి

రోహిణి కార్తెలో, కర్నూలులో మా మిద్దె మీది దండెం నుంచి అప్పుడే తీసిన బట్టలతో అండమాన్ ప్రయాణానికి సంచి సర్దుకున్నాను. వెళ్లేది వేడి ప్రాంతానికే కనుక నూలు బట్టలు చాలని, రాత్రి ఉతికి ఆరేస్తే తెల్లవారేసరికి తొడుక్కోవచ్చని నా లెక్క. మా ఊళ్లో ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు. సరిగా పిండని పంచె కూడా ఆ ఎండలో గంటకల్లా ఫెళఫెళలాడుతుంది. రెండు జీన్సు ప్యాంట్లు, ఐదు చొక్కాలు, దళసరి టర్కీ టవలు, తోలు బూట్లు చేరేసరికి సంచి 11 కిలోలు తూగింది. విమానంలో చేతి సామానుకు 7 కిలోలే అనుమతి కాబట్టి, చెన్నైలో దాన్ని లగేజీలో వేయక తప్పలేదు.

నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందే, మే మూడో వారం ప్రాంతంలోనే అండమాన్‌ను తాకుతాయని ఏటా వార్తల్లో వింటూనే ఉంటాము. ఆ మాట వినగానే ఇక మనకూ వానలు దగ్గరపడ్డాయని మా ఇంట్లో సంతోషిస్తారు. ఆ వానలోకే నేను వెళ్తున్నానన్న సంగతి సర్దుకునేటప్పుడు తట్టలేదు.

అండమాన్‌లోని హావ్‌లాక్ ద్వీపానికి (2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్) ప్రైవేటు పడవ టికెట్టు వెయ్యి రూపాయలు దాటడం నాకు మింగుడుపడక, అక్కడి రాజధానిలోని ఫీనిక్స్ బే రేవు నుంచి ప్రభుత్వ నౌక ఎక్కాను. రెండున్నర గంటల ప్రయాణంలో సగం సేపు డెక్కు మీదే నిలబడి, అలల తుంపరలకు మోకాళ్ల దాకా తడిశాను. జెట్టీలో దిగగానే వాన అందుకుంది. గోవింద్ నగర్‌లో అద్దెకు తీసుకున్న గుడిసె వసారాలో ఆరేసిన ఆ ప్యాంటు మరునాటికి ఆరలేదు, ఆ మరునాటికీ ఆరలేదు. పైగా ముక్కవాసన పట్టింది. లాండ్రీలో అడిగితే ఒక్క ప్యాంటుకు 80 రూపాయలు, అదీ ఎండ కాస్తేనే ఇస్తామన్నారు.

తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చి స్థిరపడిన కుటుంబాలే ఆ ద్వీపంలో ఎక్కువ. మా గుడిసె యజమానురాలు కూడా ఆ కుటుంబాలలోని పెద్దావిడే. అందరూ ఆమెను మాషీ అనేవారు. ప్యాంటును వేళ్లతో నలిపి చూసి, "ఇందులో సముద్రపు ఉప్పు ఉంది బాబూ, అది పోనంతకాలం ఇది ఆరదు" అని హిందీలో చెప్పింది. వానాకాలంలో వంటింటి జాడీలో ఉప్పు చెమ్మగిల్లడం చిన్నప్పటి నుంచి చూస్తున్నా, గుడ్డలో మిగిలిన ఉప్పు కూడా గాలిలోని తేమను అలాగే పీల్చుకుంటుందని నాకు అంతవరకు తోచలేదు. ఆమె వాననీటి డ్రమ్ములోంచి నీళ్లు తోడించి రెండుసార్లు జాడింపజేసి, తన ఎర్రగళ్ల గామ్‌ఛాను (బెంగాలీల పలుచని నూలు తువ్వాలును) నేల మీద పరిచి, ప్యాంటును అందులో చాపలా చుట్టి, ఒక కొస నా చేతికిచ్చి మెలితిప్పింది. నీళ్లు ధారకట్టాయి. గామ్‌ఛాను మాత్రం ఒక్కసారి పిండి, విదిలించి, భుజాన వేసుకుని వెళ్లిపోయింది. మా ఊరి ఎండ 42 డిగ్రీలు దాటినా గాలి పొడిగా ఉంటుంది కనుక తడిని లాగేస్తుంది. ఇక్కడ 30 డిగ్రీలే అయినా తేమ 80 శాతానికి పైబడి ఉండటంతో గాలిలో ఇంకా తడి పట్టే చోటు అంతగా ఉండదు.

ఆ గామ్‌ఛాను చూస్తే మా తాత గుర్తుకొచ్చాడు. శివరాత్రికి వెంకటాపురం నుంచి నల్లమల అడవిలో శ్రీశైలానికి నడిచివెళ్లేటప్పుడు ఆయన భుజాన ఒక గుడ్డ సంచి, అందులో ఒక పంచె, ఒక తుండుగుడ్డ, ఒక చెంబు ఉండేవి. దారిలో స్నానం చేసి, తడిసిన తుండుగుడ్డను రెండు చేతులతో నెత్తిమీద పరచుకుని నడిచేవాడు. మజిలీ చేరేలోగా అది ఆరేది. ఆ తుండుగుడ్డ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. నేను మాత్రం కిలోకు దగ్గరగా తూగే టవలు మోసుకుని వచ్చాను.

మాషీ దగ్గరే జీన్సు, బూట్లు, టవలు, మూడు చొక్కాలు వదిలి, బజారులో కొన్న పలుచని గామ్‌ఛా, ఒక లుంగీ, పాలిస్టరు నిక్కరు, రబ్బరు చెప్పులతో నీల్ ద్వీపానికి బయలుదేరాను. సంచి నాలుగు కిలోలు లేదు. లుంగీయే దుప్పటి అయింది, వాన పడితే సంచి మీద కప్పు అయింది. అక్కడి మూడు రోజులూ సామాను సంగతి నాకు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

తిరుగుదారిలో ఆ బట్టలు తీసుకున్నాను. ఇల్లు చేరాక వాటిని మళ్లీ ఉతికి మిద్దె మీద ఆరేసి, కిందికి వచ్చి భోజనం చేసి వెళ్లేసరికి, జీన్సు ప్యాంటు కట్టెలా బిగుసుకుని దండెం మీద ఊగుతోంది.