పాలపిట్ట రంగు హెరాల్డ్: తాతయ్య కారు మళ్ళీ రోడ్డెక్కిన కథ

మా తాతయ్య విశాఖపట్నం మల్కాపురంలో, ఇప్పుడు హెచ్‌పీసీఎల్ అంటున్న అప్పటి కాల్టెక్స్ రిఫైనరీలో పనిచేసేవారు. 1966లో రెండు డోర్ల స్టాండర్డ్ హెరాల్డ్ కొన్నారు, 1983లో అమ్మ పెళ్ళి ఖర్చులకి అమ్మేశారు. కొన్నాయన పేరు మార్పించుకునే పని రేపు మాపు అంటూ చెయ్యనే లేదట, దాంతో ఆర్‌సీ బుక్కు అమ్మమ్మ ట్రంకుపెట్టెలో పట్టుచీరల కిందే ఉండిపోయింది. ఆ పుస్తకం నా చేతికి వచ్చిన రోజు నుంచి ఒకటే పిచ్చి, ఆ కారు ఎక్కడుందో చూడాలి.

హెరాల్డ్ స్పోర్ట్స్ కారు కాదు, ఫ్యామిలీ కారే. కానీ 1962లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే అసలైన స్పోర్ట్స్ కారుని ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే, అంటే కింది ఇనుప చట్రాన్నే, కాస్త పొట్టి చేసి దాని మీద కట్టారు. రెండింటి గీతా ఇటలీ డిజైనర్ మికెలోట్టిదే. బానెట్ మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముందుకి తెరుచుకుంటుంది. 25 అడుగుల్లో వెనక్కి తిరిగిపోతుంది, పాతపోస్టాఫీసు సందుల్లో తాతయ్య ఒక్క తిప్పులో తిప్పేసేవారని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. మన హెరాల్డులు 1961 నుంచి మద్రాసులో తయారయ్యాయి, 948 సీసీ ఇంజిన్.

రెండేళ్ళు అడగని మెకానిక్ లేడు. చివరికి అనకాపల్లిలో ఒక టైర్ల షాపాయన, "బెల్లం షెడ్డులో ఓ పాత కారుంది బాబూ, మూతి ముందుకి తెరుచుకుంటాది, అదేటో చూడండి" అన్నాడు. వెళ్ళాను. బెల్లం దిమ్మల బుట్టలు, గోనెసంచులు తీస్తే అడుగున ఉంది. నాలుగు టైర్లూ నేలకి అంటుకుపోయాయి, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. టార్చ్ వేసి ఛాసిస్ నంబరు ప్లేటుని గుడ్డతో తుడుస్తూ ఆర్‌సీ బుక్కులో ఒక్కో అంకె కలుపుకుంటూ పోయాను, ఆఖరి అంకె కూడా కలిసేసరికి అక్కడే బుట్ట మీద కూర్చుండిపోయాను. షెడ్డు యజమాని అరవై వేలకి ఇచ్చారు, పైగా ఒక బెల్లం దిమ్మ డిక్కీలో పెట్టి పంపారు.

ఇలాంటి బండి కొనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ముందు కింద పడుకుని చూడండి. పైన రేకు ఎలా ఉన్నా ఫర్వాలేదు. మన సముద్రపుగాలి కారుని కింద నుంచి తింటుంది. హెరాల్డ్‌కి బాడీ వేరు, ఛాసిస్ వేరు, బోల్టులు విప్పితే బాడీ పైకి వచ్చేస్తుంది. హెరాల్డ్‌ని మొదట తయారుచేసిన ఇంగ్లండు కంపెనీ ట్రయంఫ్ వాళ్ళకి అప్పట్లో మొత్తం బాడీ ఒకే ముక్కగా చేసిచ్చే కంపెనీ దొరకలేదు, అందుకే ఆ పద్ధతి పెట్టారు, అరవై ఏళ్ళ తర్వాత అదే మమ్మల్ని కాపాడింది. గాజువాక ఆటోనగర్‌లో మా మేస్త్రిగారు బాడీ లేపి సుత్తితో తడుతుంటే ఛాసిస్ నుంచి పక్కలకి చాచిన ఔట్‌రిగ్గర్లు పొడిపొడిగా రాలిపోయాయి. నడిమి పట్టీలు మాత్రం గట్టిగా ఉన్నాయి. కొత్త రేకు కోసి, వంచి, అన్నీ చేత్తోనే చేశారాయన. అది ఒక్కటే ఐదు నెలలు పట్టింది.

ఇంజిన్ పట్టేసింది. బలవంతంగా తిప్పొద్దన్నారు మేస్త్రిగారు. ప్లగ్గులు తీసి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ల బండ్లలో పోసే) ఆయిలూ అసిటోనూ కలిపి సిలిండర్లలో పోసి, రెండు వారాలు రోజుకి ఒకసారి వెళ్ళి ఫ్లైవీల్ దగ్గర కాస్త కదిపి చూసేవాళ్ళం. పదకొండో రోజు రవ్వంత కదిలింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

టెన్షన్ పడింది మాత్రం ట్రనియన్ల దగ్గర. ముందు చక్రాలు తిరిగే ఇత్తడి లాంటి బుష్షులవి, లోపల మరలు ఉంటాయి. వాటికి గ్రీజు కాదు, 90 గ్రేడు గేర్ ఆయిల్ పెట్టాలి, గ్రీజు అయితే మరల్లోకి సరిగా చేరదు, లోపల తుప్పు పట్టి ఒకరోజు చక్రం మడతపడిపోతుంది. ఇంతకుముందు చూపించిన ఒక షాపులో నేను వద్దంటున్నా గ్రీజు కొట్టేశారు, మా బండిని అక్కడ్నుంచి తెచ్చేసుకున్నాను. స్పిట్‌ఫైర్ ట్రనియన్లే సరిపోతాయి కాబట్టి ఇంగ్లండు నుంచి తెప్పించాం. మీ దగ్గర హెరాల్డ్ ఉంటే ఇవాళే చూసుకోండి.

కాగితాలు ఇంకో ఏడాది. 2021లో వచ్చిన వింటేజ్ నియమాల కింద 50 ఏళ్ళు దాటిన బండిని పదేళ్ళకి రిజిస్టర్ చేయించుకోవచ్చు, పాత నంబరు కూడా ఉంచుకోవచ్చు, కానీ ఆ బండిని రోజూ తిప్పకూడదు, ర్యాలీలకీ ఎగ్జిబిషన్లకీ అంతే. నాకు అమ్మమ్మని సింహాచలం తీసుకెళ్ళాలని ఉంది. అందుకని మామూలు దారే పట్టాను. తాతయ్య పేరు నుంచి ఫారం 31తో వారసుల కింద మార్పించి, మావయ్యలిద్దరూ అభ్యంతరం లేదని సంతకాలు పెట్టి, తర్వాత ఫారం 25తో రెన్యువల్. ఎన్నిసార్లు తిరిగానో లెక్కపెట్టలేదు.

రంగు దగ్గర నాకు ఎవరి సలహా అక్కర్లేకపోయింది. పై పొర పెయింటు మెరూన్, దాని కింద పొర తెలుపు. వెనకసీటు కింద ఎండ తగలని చోట గీకితే నీలం కనిపించింది. ఆ ముక్క ఫోటో అమ్మమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "పాలపిట్ట రంగురా" అంది.

మొత్తం ఇరవై ఆరు నెలలు, ఆరున్నర లక్షలు. మొదటిసారి ఆటోనగర్ నుంచి తెల్లవారుజామున ఇంటికి తెచ్చాను, గేటు ముందు ఆపాను. అప్పట్లో ఎడమ డోరు కాస్త పైకెత్తి లాగితేనే తెరుచుకునేదట, కీలు వాలిపోయి. మేం కొత్త కీళ్ళు వేశాం, ఇప్పుడు వేలితో లాగినా వచ్చేస్తుంది. ఆ మాట చెప్దామనుకునేలోపే అమ్మమ్మ వచ్చి, హ్యాండిల్ పట్టుకుని, డోరుని కొంచెం పైకెత్తి లాగింది.