కణేకల్ బస్సులో నీళ్ల లెక్క

హంపీ గురించి నేను కొత్తగా రాసేదేమీ లేదు. 2025 దసరా సెలవుల్లో వెళ్లాం, రెండు రోజులు తిరిగాం, ఎండకు పిల్లలు వాడిపోయారు. హొసపేటలో లాడ్జి వాళ్లు పండగ రద్దీ చూసి రేటు రెట్టింపు చేశారు. నాకు బాగా గుర్తుండిపోయింది గుళ్లు కాదు, అరటి తోటల పక్కన పారుతున్న తుర్తు కాలువ. విజయనగర రాజుల నాటిది, ఇప్పటికీ ఆ నీళ్లతోనే అక్కడ పంట. మాది అనంతపురం. పారే నీళ్లు కనబడితే మా కాళ్లు అక్కడే ఆగిపోతాయి.

మూడో రోజు టీబీ డ్యామ్, అంటే తుంగభద్ర డ్యామ్. బస్టాండు నుంచి ఆటోకి అడిగిన డబ్బులు చూస్తే డ్యామే కొనమన్నట్టు ఉంది, అయినా ఎక్కాం. మొత్తం 33 గేట్లు. పిల్లలతో లెక్కపెట్టించి 19 దగ్గర ఆపాను. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి కొట్టుకుపోయింది ఆ గేటే. ఆ వారమంతా మా ఇంట్లో టీవీ కట్టేయలేదు. డ్యామ్ గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారు ఆ పెద్ద వయసులో అక్కడ నిలబడి, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ అనే ఇనుప అడ్డుపలకలు దింపించి ప్రవాహం ఆపించిన రోజు మా వీధిలో టపాసులు కాల్చారు. 2025లో గేట్ల భయానికి 80 టీఎంసీలకు మించి నిల్వ చేయలేదు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు). కట్టినప్పుడు 133 పట్టేదట ఈ డ్యామ్. పూడిక పోను ఇప్పుడు 105 చిల్లర. పూడిక మింగింది 27 టీఎంసీల పైమాటే. ఎగువ కాలువలో, అంటే మేం హెచ్చెల్సీ అనేదాంట్లో, మన రాష్ట్రానికి రాసిచ్చిన వాటా 32.5. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఇంట్లోవాళ్లు బంధువుల దగ్గర ఇంకో రెండు రోజులు ఆగారు. నాకు సెలవు లేదు. బళ్లారిలో అనంతపురం బస్సు కిక్కిరిసిపోయి ఉంది. బొమ్మనహాళ్ మీదుగా కణేకల్ వెళ్లే బస్సు ఖాళీగా కనిపిస్తే ఎక్కేశాను. చుట్టు దారే, కానీ హెచ్చెల్సీ ఆయకట్టు చూసుకుంటూ పోవచ్చనిపించింది.

నా పక్క సీట్లో ఒక అవ్వ. ఒళ్లో మందుల సంచి, బళ్లారి ఆసుపత్రికి వెళ్లి వస్తోంది. రాష్ట్రం దాటే బస్సు కాబట్టి ఉచితం లేదన్నాడు కండక్టర్. "మా ఊరి బస్సులో ఫ్రీ, ఈ బస్సులో దుడ్లా?" అని కాసేపు కొట్లాడి, కొంగు ముడి విప్పి ఇచ్చింది. తర్వాత నా వైపు తిరిగి, "యాడికి పోతావు నాయనా?" అంది.

కిటికీలోంచి కాలువ కనిపించింది. నిండుగా ఉంది. గట్టు మీద వరసగా మోటార్లు, నీళ్లలోకి దింపిన పైపులు. నేను అలవాటుగా మొదలుపెట్టాను. పైనున్నవాళ్లు ఇట్లా తోడుకుంటే మన హద్దులోకి వచ్చేసరికి ఏం మిగులుతుంది, హెచ్చెల్సీ 105 కిలోమీటర్లు కర్ణాటకలోనే పారి మన దగ్గరికి వస్తుంది, మొత్తం 50 టీఎంసీల్లో వాళ్లది 17.5 అయితే మనది 32.5, ఆ 32.5 మాత్రం కాగితం మీదే అని. ఏటా తుంగభద్ర బోర్డు ఎన్ని నీళ్లొస్తాయో అంచనా కట్టి, ఆ దామాషాలో కోసి పంచుతుందని కూడా చెప్పాను. చిన్నప్పటి నుంచీ ఇంట్లో విన్న మాటలే ఇవి. అనంతపురం పాతూరులో, మా ఇంటి దగ్గర, వారానికోసారి కొళాయి వచ్చేది. రాత్రి రెండింటికి అమ్మ లేపితే బిందెలు పట్టుకుని లైన్లో కూర్చునేవాళ్లం. అప్పటి నుంచీ నా లెక్కలో మేం ఎప్పుడూ చివరివాళ్లం, అన్యాయం జరిగేది మాకే.

అవ్వ అంతా విని, "అనంతపురంలో ఇబ్బుడు కొళాయి ఎన్నిరోజులకొస్తాది?" అని అడిగింది.

"రోజు మార్చి రోజు."

"మరి బాగుండాదే."

అంతే అంది. కోపం లేదు ఆ గొంతులో. తర్వాత తన సంగతి చెప్పింది. రెండెకరాలు, కణేకల్ దగ్గరే. ఒక ఎకరా వరి, ఒక ఎకరా మిరప. పిల్లకాలువ చివరన ఉంది చేను. పోయిన తూరి మిరప కాయ పట్టే వేళకి కాలువ తగ్గిపోయింది. అడిగితే పెన్నహోబిలం రిజర్వాయరు నింపాలి, అనంతపురానికి తాగేదానికి అన్నారట కాలువ చూసుకునే లష్కరు వాళ్లు. "తాగే నీళ్లంటే మేం ఏమనగలం నాయనా. మడక పట్టినోనికి గూడా దాహమైతాది. ఎండిపోయేది మాత్రం మా చేనే గదా." ఈ ఏడాది డ్యామ్ గేట్లు మారుస్తారంట, రెండో పంట లేదంట, మిరపకి డిసెంబరు దాకా నీళ్లు కావాలి, ఇస్తారా నీకేమైనా తెలుసా అని అడిగింది. చదువుకున్నవాణ్ని కదా, తెలిసి ఉంటుందనుకుంది. నాకు తెలియదు.

బొమ్మనహాళ్ దాటాక నేను ఇక కాలువ గురించి ఎత్తలేదు. నా మనసు కర్నూలు మీదికి పోయింది. కేసీ కాలువకు, అంటే కర్నూలు-కడప కాలువకు, తుంగభద్రలో 10 టీఎంసీల వాటా ఉంది. దాన్ని పెన్నహోబిలానికి మళ్లించి, వాళ్లను శ్రీశైలం నీళ్లు వాడుకోమన్నారు. కర్నూలు స్నేహితుడొకడు ఆ మాట ఎత్తినప్పుడల్లా, "మీ నంద్యాల వైపు వరి వేస్తారు, మాకు తాగడానికే లేవు" అని నోరు మూయించేవాణ్ని. వాడి వైపు కూడా ఇట్లాంటి అవ్వ ఒకరు ఉంటారని ఎప్పుడూ తలచలేదు. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల లెక్కన ఉంటుంది. ఆ కరువు మాట చెప్పి మేం ఎక్కడైనా గెలుస్తాం. కానీ ఈ అవ్వది కూడా ఆ జిల్లానే, ఆ కరువే. తాగునీటికి ముందు, సాగుకు తర్వాత అన్నది సరైన వరసే, నేను దాన్ని కాదనను. ఆ వరసలో వెనక పడినవాళ్ల పంటకు ఎవరు జవాబుదారీ అన్నది మాత్రం ఎక్కడా రాసి లేదు. కనీసం ఏ తేదీ దాకా నీళ్లిస్తారో విత్తనం వేయకముందే చెప్పాలి. అది చెబితే ఆమె మిరప మానేసి కొర్రో, జొన్నో వేసుకునేది.

కణేకల్ చెరువు దగ్గర బస్సు నెమ్మదించింది. సాయంత్రపు వెలుగులో చెరువు నిండుగా మెరుస్తోంది. హెచ్చెల్సీ నీళ్లే అవి. అవ్వ సంచిలోంచి రెండు బత్తాయిలు తీసి నా చేతిలో పెట్టి, "నీళ్ల సంగతి తెలిస్తే చెప్పు నాయనా" అంటూ దిగింది. ఎవరికి, ఎలా చెప్పాలో అడిగేలోపే బస్సు కదిలింది.

ఉరవకొండలో బస్సు మారి ఇంటికి చేరేసరికి పదిన్నర. మరునాడు కొళాయి వచ్చే రోజు. తెల్లవారుజామున డ్రమ్ము కింద చెయ్యి పెట్టి చూశాను, ధార బాగా వస్తోంది. ఆమె ఊరి పేరు అడిగాను గానీ ఫోన్ నంబరు అడగలేదు. ఆ మిరప కోతకొచ్చిందో లేదో తెలియాలంటే డిసెంబరులో మళ్లీ కణేకల్ బస్సు ఎక్కాలి.